టర్బో ఇంజిన్‌లో క్యామ్ టైమింగ్: రెండు డిగ్రీల వెనుక లెక్క

క్లుప్తంగా: టర్బో ఇంజిన్‌కు పెద్ద క్యామ్‌షాఫ్ట్‌లు, అంటే వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే షాఫ్ట్‌లు, బిగిస్తే పవర్ పెరగవచ్చు, ఉన్నచోటే ఉండవచ్చు, తగ్గనూ వచ్చు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే కొద్దిసేపట్లో ఏ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి తెచ్చే, లేదా కాలిన వాయువును తీసుకెళ్లే గొట్టాల్లో) పీడనం ఎక్కువగా ఉందన్నదే దీన్ని చాలావరకు తేలుస్తుంది. ఆ పీడనం టర్బోను బట్టి మారుతుంది. అందుకే ఒక కారులో కుదిరిన క్యామ్ సెట్టింగ్, అదే ఇంజిన్ ఉన్నా టర్బో వేరైన మరో కారులో కుదరకపోవచ్చు.

జపాన్ టర్బో కార్ల ఇంజిన్లలో మార్పులు చేసేవారి మధ్య ఎడతెగని వాదన ఒకటుంది. ఇంజిన్ ఒకటే, క్యామ్‌షాఫ్ట్‌లు ఒకే కంపెనీవి, బూస్ట్ (టర్బో గాలిని లోపలికి నెట్టే పీడనం) దాదాపు సమానం. అయినా ఒక కారు డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పవర్ బాగా చూపిస్తుంది, రెండోది క్యామ్‌లు మార్చక ముందున్న పవర్ కూడా ఇవ్వదు. కారణం అడిగితే ఒకరు ఎగ్జాస్ట్ క్యామ్‌ను రెండు డిగ్రీలు వెనక్కి తిప్పమంటారు, ఇంకొకరు ఇన్‌టేక్ క్యామ్‌ను రెండు డిగ్రీలు ముందుకు తిప్పమంటారు. రెండు సలహాలూ ఎక్కడో ఒకచోట పనిచేసినవే. అయితే అవి ఏ టర్బోతో, ఏ మానిఫోల్డ్‌తో పనిచేశాయన్నది వదిలేసి, అంకె ఒక్కటే చేతులు మారుతూ వస్తుంది. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

ఈ లెక్కను పరిశీలించడానికి మిత్సుబిషి 4జీ63 టర్బో ఇంజిన్ మంచి ఉదాహరణ.

4జీ63 నేపథ్యం

1992లో వచ్చిన మొదటి లాన్సర్ ఎవల్యూషన్ నుంచి తొమ్మిదో ఎవల్యూషన్ దాకా ఇదే ఇంజిన్ కొనసాగింది. 1,997 సీసీ, 85 మి.మీ. బోర్, 88 మి.మీ. స్ట్రోక్, ఇనుప బ్లాక్, పదహారు వాల్వులు, ఒకే టైమింగ్ బెల్టుతో తిరిగే రెండు క్యామ్‌షాఫ్ట్‌లు దీని స్వరూపం. ఈ ఇంజిన్ ఉన్న కార్లతోనే టామీ మాకినెన్ 1996 నుంచి 1999 వరకు వరుసగా నాలుగుసార్లు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు. 2007లో వచ్చిన పదో ఎవల్యూషన్‌లో దీని స్థానాన్ని 4బీ11 అనే అల్యూమినియం ఇంజిన్ ఆక్రమించింది.

మార్పులు చేసేవారికి ఈ ఇంజిన్ ఇష్టమైనది కావడానికి గట్టి బ్లాక్ ఒక్కటే కారణం కాదు. 1989 నుంచి 2004 వరకు జపాన్ కంపెనీలు తమ దేశంలో అమ్మే కార్లకు 280 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) కు మించి పవర్ ప్రకటించకూడదని తమలో తాము ఒక ఒప్పందం పాటించాయి. నాలుగో ఎవల్యూషన్ నుంచి కాగితం మీద అంకె ఆ గీత దగ్గరే ఆగిపోయింది గానీ ఇంజిన్ సామర్థ్యం అక్కడ ఆగలేదు. మిగిలిన ఆ జాగా మీదనే హెచ్‌కేఎస్, టోమేయి లాంటి సంస్థల క్యామ్‌షాఫ్ట్‌ల వ్యాపారం పెరిగింది. ఎవల్యూషన్ యజమానుల మాటల్లో వినిపించే 272 అన్న అంకె అలాంటి క్యామ్ కొలతే.

272 అంటే ఏమిటి

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక చక్రం పూర్తి కావడానికి క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే షాఫ్ట్) రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరుగుతుంది. క్యామ్ తిరిగేది ఒక్క చుట్టే. 272 అంటే వాల్వు తెరుచుకోవడం మొదలైనప్పటి నుంచి మూసుకునే దాకా క్రాంక్ తిరిగే డిగ్రీలు. ఏ లిఫ్ట్ (వాల్వు లేచిన ఎత్తు) దగ్గర కొలత మొదలుపెట్టారన్నది కంపెనీకో తీరుగా ఉంటుంది కాబట్టి, ఒక కంపెనీ 272ను మరో కంపెనీ 272తో నేరుగా పోల్చడం కుదరదు.

క్యామ్ లోబ్ (వాల్వును తోసే ఉబ్బు) శిఖరం టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరిన స్థానానికి, ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో దాన్ని లోబ్ సెంటర్ అంటారు. రెండు క్యామ్‌లూ 272 అయి, రెండింటి లోబ్ సెంటర్ 110 అనుకుందాం. అప్పుడు ఇన్‌టేక్ వాల్వు టీడీసీకి 26 డిగ్రీల ముందు తెరుచుకుని, పిస్టన్ అడుగుకు చేరి మళ్లీ పైకి మళ్లిన తర్వాత 66 డిగ్రీలకు మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు పిస్టన్ అడుగుకు చేరడానికి 66 డిగ్రీల ముందే తెరుచుకుని, టీడీసీ దాటిన 26 డిగ్రీలకు మూసుకుంటుంది. టీడీసీకి అటూ ఇటూ కలిపి 52 డిగ్రీల పాటు రెండు వాల్వులూ తెరిచే ఉంటాయి. దీన్నే ఓవర్‌ల్యాప్ అంటారు.

క్యామ్ పుల్లీని (క్యామ్ చివర బెల్టు తిప్పే చక్రాన్ని) ముందుకు జరిపితే, అంటే అడ్వాన్స్ చేస్తే, ఆ క్యామ్ నడిపే వాల్వు తెరుచుకోవడమూ మూసుకోవడమూ రెండూ త్వరపడతాయి. వెనక్కి జరిపితే రెండూ ఆలస్యమవుతాయి. పుల్లీతో ఒకదాన్ని మార్చి రెండోదాన్ని అలాగే ఉంచడం సాధ్యపడదు. ఇన్‌టేక్‌ను రెండు డిగ్రీలు వెనక్కి, ఎగ్జాస్ట్‌ను రెండు డిగ్రీలు ముందుకు తిప్పితే ఓవర్‌ల్యాప్ 52 నుంచి 48కి తగ్గుతుంది. దాంతోపాటే ఇన్‌టేక్ మూసుకోవడం ఆలస్యమవుతుంది, ఎగ్జాస్ట్ తెరుచుకోవడం త్వరపడుతుంది. అంటే ఓవర్‌ల్యాప్ కోసం చేసిన మార్పుకు మరో రెండు చోట్ల కూడా ఖరీదు చెల్లించాలి.

ఓవర్‌ల్యాప్‌లో గాలి ఎటు పోతుంది

టర్బో లేని ఇంజిన్‌లో ఇన్‌టేక్ పీడనం ఎంత బాగున్నా దాదాపు వాతావరణ పీడనమే. ఎగ్జాస్ట్ పైపుల పొడవు సరిగ్గా కుదిరితే, ఓవర్‌ల్యాప్ సమయంలో పైపులోని పీడనం ఇంకా తగ్గి సిలిండర్‌లో మిగిలిన కాలిన వాయువును బయటికి లాగేస్తుంది. రేసు ఇంజిన్లలో ఓవర్‌ల్యాప్ ఎక్కువగా ఉంచడం వెనుక తర్కం అదే.

టర్బో వచ్చేసరికి ఎగ్జాస్ట్ దారిలో టర్బైన్ అడ్డుగా నిలుస్తుంది. దాని వెనుక పేరుకునే పీడనాన్ని బ్యాక్ ప్రెషర్ అంటారు. 1.4 బార్ బూస్ట్‌తో నడిచే ఇంజిన్‌లో టర్బైన్ పెద్దదై, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో 1.2 బార్ మాత్రమే ఉందనుకుంటే, ఓవర్‌ల్యాప్‌లో తాజా గాలి ఇన్‌టేక్ వైపు నుంచి దూసుకొచ్చి కాలిన వాయువును తోసేస్తుంది. సిలిండర్ శుభ్రపడుతుంది, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే మండడం) ప్రమాదం తగ్గుతుంది, టర్బైన్‌కు వెళ్లే ప్రవాహం కూడా పెరుగుతుంది. అదే ఇంజిన్ మీద చిన్న టర్బో ఉండి 7,000 ఆర్‌పీఎం దగ్గర ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో పీడనం 2.5 బార్‌కు చేరిందనుకుంటే కథ తిరగబడుతుంది. రెండు వాల్వులూ తెరవగానే వేడి వాయువు సిలిండర్‌లోకి, అక్కడి నుంచి ఇన్‌టేక్ పోర్టులోకి ఎదురెక్కుతుంది. తర్వాతి స్ట్రోకులో తాజా గాలి కంటే ముందు అదే లోపలికి వెళ్తుంది. గేజ్ మీద బూస్ట్ 1.4 బారే చూపిస్తుంది గానీ సిలిండర్‌లో చేరే తాజా గాలి తగ్గి, వేడి పెరుగుతుంది. నాకింగ్ రాకుండా ఇగ్నిషన్‌ను (స్పార్క్ పడే క్షణాన్ని) వెనక్కి తీయాల్సి వస్తుంది, ఆ మేరకు పవర్ ఇంకా పడిపోతుంది.

మొదట చెప్పిన వాదనకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది. కంపెనీ టర్బో ఉంచుకుని 272 క్యామ్‌లు వేసిన కారుకూ, పెద్ద టర్బోతో అవే క్యామ్‌లు వేసిన కారుకూ ఒకే పుల్లీ సెట్టింగ్ నప్పాలని ఆశించడానికి ఆధారం లేదు. మొదటి కారులో ఓవర్‌ల్యాప్‌ను తగ్గించడం సాధారణంగా మేలు చేస్తుంది, రెండో కారులో ఉంచడమో కొంచెం పెంచడమో మేలు చేయవచ్చు. బ్యాక్ ప్రెషర్ కొలవకుండా క్యామ్ డిగ్రీల గురించి జరిగే చర్చ సగం చర్చే.

పక్క సిలిండర్ జోక్యం

పైన చెప్పినవి సగటు పీడనాలు. నిజానికి మానిఫోల్డ్‌లో పీడనం స్థిరంగా ఉండదు, ఒక్కో సిలిండర్ వాల్వు తెరిచినప్పుడల్లా ఒక్కో దెబ్బలా వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఇది ఇంకో చిక్కు తెస్తుంది.

4జీ63లో సిలిండర్లు 1-3-4-2 వరుసలో, 180 డిగ్రీలకు ఒకటి చొప్పున మండుతాయి. మొదటి సిలిండర్ మండిన టీడీసీని సున్నాగా తీసుకుంటే, దాని ఓవర్‌ల్యాప్ 334వ డిగ్రీ దగ్గర మొదలై 386 దగ్గర ముగుస్తుంది. మూడో సిలిండర్ 180 దగ్గర మండి, మరో 114 డిగ్రీల తర్వాత, అంటే 294 దగ్గర ఎగ్జాస్ట్ వాల్వు తెరుస్తుంది. ఆ సిలిండర్ నుంచి ఎగదన్నే పీడనపు దెబ్బ మానిఫోల్డ్‌లో చేరేది సరిగ్గా మొదటి సిలిండర్ రెండు వాల్వులూ తెరుచుకుని ఉన్న సమయానికే. సగటు పీడనం అనుకూలంగా ఉన్నా ఆ క్షణంలో మాత్రం ప్రతికూలమే.

ట్విన్ స్క్రోల్ టర్బో ఈ జోక్యాన్ని ఆపడానికే. ఒకటి, నాలుగు సిలిండర్ల వాయువు ఒక దారిలో, రెండు, మూడు సిలిండర్ల వాయువు వేరొక దారిలో టర్బైన్ చక్రం దాకా కలవకుండా వెళ్తాయి. మిత్సుబిషి నాలుగో ఎవల్యూషన్ నుంచి దీన్ని వాడింది. ఆ టర్బో తీసేసి ఒకే దారి ఉన్న టర్బోనూ, నాలుగు పైపులూ ఒకచోట కలిసే మానిఫోల్డ్‌నూ బిగించినవారు, క్యామ్‌లు మార్చకపోయినా క్యామ్ టైమింగ్ పరిస్థితిని మార్చేసినట్టే. ఈ సంగతి బిల్లులో ఎక్కడా కనిపించదు.

ఇన్‌టేక్ మూసుకునే క్షణం

ఓవర్‌ల్యాప్ మీద జరిగినంత చర్చ దీని మీద జరగదు గానీ, కింది ఆర్‌పీఎంలో కారు ఎలా లాగుతుందన్నది ఎక్కువగా దీని చేతిలోనే ఉంటుంది. పిస్టన్ పైకి మళ్లిన తర్వాత కూడా ఇన్‌టేక్ వాల్వు తెరిచి ఉంటే, అది మూసుకునే దాకా అసలు కంప్రెషన్ మొదలుకాదు.

4జీ63 కొలతలతోనే లెక్క వేయవచ్చు. కంప్రెషన్ నిష్పత్తి 8.8, కనెక్టింగ్ రాడ్ పొడవు 150 మి.మీ. తీసుకుందాం. ఇన్‌టేక్ వాల్వు అడుగు దాటిన 50 డిగ్రీలకు మూసుకుంటే, 88 మి.మీ. స్ట్రోకులో 76 మి.మీ. కంప్రెషన్‌కు మిగులుతుంది, అసలు పనిచేసే నిష్పత్తి సుమారు 7.7. అదే 66 డిగ్రీలకు మూసుకుంటే మిగిలేది 67 మి.మీ., నిష్పత్తి సుమారు 7.0. పెద్ద క్యామ్ వేసిన కారు 3,000 ఆర్‌పీఎం లోపు మందకొడిగా ఉండి, బూస్ట్ ఆలస్యంగా రావడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ ఇన్‌టేక్ క్యామ్‌ను నాలుగు డిగ్రీలు ముందుకు జరిపితే నిష్పత్తి 7.2కు చేరుతుంది. పికప్‌లో తేడా చేతికి తెలుస్తుంది, కానీ ఓవర్‌ల్యాప్ కూడా నాలుగు డిగ్రీలు పెరిగిందన్నది మరవకూడదు.

పై ఆర్‌పీఎంలో ఈ లెక్క మారుతుంది. వేగంగా దూసుకొచ్చే గాలికి ఊపు ఉంటుంది, పిస్టన్ పైకి వస్తున్నా కొంతసేపు లోపలికి చొరబడుతూనే ఉంటుంది. అక్కడ ఆలస్యంగా మూసుకోవడమే లాభం.

ఎగ్జాస్ట్ తెరుచుకునే క్షణం గురించి చెప్పాల్సింది తక్కువ. త్వరగా తెరిస్తే పిస్టన్‌ను నెట్టాల్సిన పీడనంలో కొంత టర్బైన్‌కు పోతుంది, టర్బో త్వరగా అందుకుంటుంది. ఆలస్యంగా తెరిస్తే ఆ శక్తి క్రాంక్‌కే దక్కుతుంది. చిన్న టర్బో ఎలాగూ త్వరగానే అందుకుంటుంది కాబట్టి దానికి ఈ దానం అవసరం లేదు.

డిగ్రీ చక్రం ముందు

పుల్లీ మీద గీతలు చూసి రెండు గీతలు తిప్పడం కొలత కాదు. ఆ గీతలు కొన్ని పుల్లీల మీద క్యామ్ డిగ్రీలు, కొన్నిటి మీద క్రాంక్ డిగ్రీలు. ఒక క్యామ్ డిగ్రీ రెండు క్రాంక్ డిగ్రీలతో సమానం కాబట్టి ఇక్కడ పొరబడితే మార్పు రెట్టింపో సగమో అవుతుంది.

సరైన పద్ధతిలో ముందుగా క్రాంక్ పుల్లీకి డిగ్రీ చక్రం బిగించి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి పిస్టన్‌కు అడ్డు పెట్టి, క్రాంక్‌ను రెండు వైపులా తిప్పి ఆగిన రెండు అంకెల మధ్యబిందువును అసలు టీడీసీగా తీసుకుంటారు. తర్వాత వాల్వు మీద డయల్ గేజ్ ఉంచి, పూర్తి లిఫ్ట్‌కు కొంచెం తక్కువగా ఒకే రీడింగ్ వచ్చే రెండు చోట్ల డిగ్రీలు రాసుకుంటారు. అవి 88, 136 అయితే వాటి సగటు 112, అదే ఇన్‌టేక్ లోబ్ సెంటర్. క్యామ్ కార్డు మీద 110 అని ఉంటే ఈ క్యామ్ రెండు డిగ్రీలు ఆలస్యంగా ఉన్నట్టు. 4జీ63లో టాపెట్ గ్యాప్‌ను నూనె పీడనంతో సర్దే హైడ్రాలిక్ అడ్జస్టర్లు ఉంటాయి. గేజ్ పెట్టిన సమయంలో అవి నెమ్మదిగా కుంగిపోతే రీడింగ్ తప్పు చూపిస్తుంది, కనుక కొలత మేరకు గట్టి అడ్జస్టర్ వాడడం మేలు.

ఇన్‌టేక్‌ను ముందుకు, ఎగ్జాస్ట్‌ను వెనక్కి జరిపేకొద్దీ టీడీసీ దగ్గర వాల్వులు పిస్టన్‌కు చేరువవుతాయి. బెల్టు తెగితే వాల్వులు వంగిపోయే రకం ఇంజిన్ ఇది. పిస్టన్ మీద మెత్తని మైనం ముద్ద ఉంచి, హెడ్ బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, ముద్ద ఎంత పలచబడిందో కొలవడం పాత పద్ధతే అయినా నమ్మదగినది. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కంటే తగ్గకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. ఎగ్జాస్ట్ వైపు హద్దు ఎక్కువ ఎందుకంటే ఆ వాల్వు వేడికి ఎక్కువ సాగుతుంది, పైగా అధిక వేగంలో దాని వెంటే పిస్టన్ తరుముకొస్తుంది.

డైనో మీద ఏది చూడాలి

ఒకసారి ఒకే క్యామ్, రెండేసి క్రాంక్ డిగ్రీలు, మిగతావన్నీ అలాగే: ఇదీ పద్ధతి. గరిష్ఠ పవర్ ఒక్కటే చూస్తే మోసపోతారు, టార్క్ గీత మొత్తం చూడాలి. ఒకే బూస్ట్ దగ్గర ఇంజిన్ పీల్చే గాలి పెరిగితే మార్పు సరైన దిశలో ఉన్నట్టు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు సన్నని లోహపు గొట్టం బిగించి, వేడి తగలనంత దూరంలో పీడన సెన్సర్ పెడితే బ్యాక్ ప్రెషర్ నేరుగా తెలుస్తుంది. ఖర్చు తక్కువ, తెలిసేది ఎక్కువ, అయినా ఈ పని చేసేవారు తక్కువ.

ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్‌ను కూడా ఆచితూచి నమ్మాలి. సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే ఆధునిక ఇంజిన్లలో ఓవర్‌ల్యాప్‌లో గాలి మాత్రమే ఎగ్జాస్ట్‌లోకి జారిపోతుంది. సెన్సర్ దాన్ని పెట్రోలు తక్కువైనట్టుగా చూపుతుంది, నిజానికి సిలిండర్‌లో మిశ్రమం సరిపోయే ఉండవచ్చు. దాన్ని చూసి పెట్రోలు పెంచితే అదంతా మానిఫోల్డ్‌లో మండి టర్బైన్‌ను కాల్చుతుంది. 4జీ63లా పోర్టులో చిమ్మే ఇంజిన్లలో గాలితోపాటు పెట్రోలు కూడా జారిపోతుంది, కనుక అక్కడ పెద్ద ఓవర్‌ల్యాప్ ఇంధనాన్ని నేరుగా వృథా చేస్తుంది.

ఒకే సెట్టింగ్ నుంచి పట్టిక దాకా

పుల్లీతో చేసే సెట్టింగ్ ఏదైనా రాజీయే. తొమ్మిదో ఎవల్యూషన్‌లో మిత్సుబిషి ఇన్‌టేక్ క్యామ్‌కు మైవెక్ ఏర్పాటును జోడించింది. నూనె పీడనంతో కంప్యూటరే క్యామ్‌ను జరుపుతుంది: ఐడిల్‌లో ఓవర్‌ల్యాప్ లేకుండా వెనక్కి, బూస్ట్ అందుకునే వేళ ముందుకు, పై ఆర్‌పీఎంలో బ్యాక్ ప్రెషర్ పెరిగాక మళ్లీ వెనక్కి. పదో ఎవల్యూషన్‌లో రెండు క్యామ్‌లకూ ఇదే ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు మన రోడ్ల మీద కనిపించే చిన్న టర్బో పెట్రోలు కార్లలోనూ ఇలా జరిగే క్యామ్‌లు మామూలైపోయాయి. వాటికి రీమ్యాప్ చేసేవారు, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చేవారు, బూస్ట్ పట్టికను పెంచి క్యామ్ పట్టికను ముట్టుకోకపోతే, చిన్న టర్బైన్ వెనుక పెరిగిన బ్యాక్ ప్రెషర్‌కు పాత ఓవర్‌ల్యాప్ ఎక్కువైపోతుంది. పుల్లీ లేకపోయినా సమస్య అదే.

మన దేశంలో చట్టం సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు స్పెసిఫికేషన్‌తో విభేదించేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో మార్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు కారి లాంటి ట్రాకులకే పరిమితమైన కార్ల విషయం వేరు.

హెడ్ ఫేసింగ్ తర్వాత

ఎలాంటి మార్పులూ చేయని కార్లకు కూడా ఈ లెక్క తగిలే సందర్భం ఒకటుంది. ఇంజిన్ వేడెక్కి గాస్కెట్ పోయినప్పుడు హెడ్‌ను లేత్ షాపుకు పంపి ఫేసింగ్ చేయిస్తారు, అంటే దాని అడుగును గీకించి చదును చేయిస్తారు. హెడ్ కిందికి దిగినంత మేర క్రాంక్‌కు, క్యామ్‌కు మధ్య దూరం తగ్గి, బెల్టు లాగే వైపు కుదించుకుపోయి క్యామ్ వెనకబడుతుంది. క్యామ్ పుల్లీ వ్యాసం సుమారు 12 సెం.మీ. అనుకుంటే, అర మిల్లీమీటరు గీకితే వచ్చే తేడా దాదాపు ఒక క్రాంక్ డిగ్రీ. దాంతో కారు లాగకుండా పోదు. బెల్టు పళ్ల మధ్య దూరం 8 మి.మీ. అయితే, తిరిగి బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పినా తేడా 15 క్రాంక్ డిగ్రీలు. ఫేసింగ్ తర్వాత పికప్ పోయిందని బండి తిరిగొస్తే, హెడ్‌ను మళ్లీ విప్పే ముందు బెల్టు కవర్ తీసి గుర్తులు చూడడానికి పట్టేది అరగంటే.